ముందు మీ డాబాలు లెక్కపెట్టండి, ఆ తర్వాత మా కొండల సంగతి మాట్లాడదాం



పోయిన ఎండాకాలం మా పంచాయతీలో కొండ కిందికి ఒక జీపు వచ్చింది. నలుగురు దిగారు. మూడు కాళ్ల స్టాండు మీద మిషను పెట్టారు. గాల్లోకి డ్రోను వదిలారు. రాళ్ల మీద ఎర్ర రంగుతో అంకెలు వేశారు. అక్కడే పశువులు మేపుకుంటున్న ఒక పెద్దాయన, నాకు తాత వరస, దగ్గరికెళ్లి "ఏం బాబూ, ఇళ్లు రాసుకోడానికి వచ్చారా?" అని అడిగాడు. కాలనీ ఇల్లు వస్తుందేమోనని ఆయన ఆశ. "కాదు తాతా, కొండ కొలుస్తున్నాం. పైన ఒక చెరువు, కింద ఒక చెరువు కడతారు. కరెంటు ప్రాజెక్టు" అన్నారు వాళ్లు. "ఎవరినడిగి?" అన్నాడు తాత. "పైనుంచి ఆర్డరుంది" అన్నారు.

ఆ రాత్రి మా ఊళ్లో కరెంటు లేదు. గాలికి ఎక్కడో తీగ తెగింది. లైన్‌మన్ వచ్చేసరికి నాలుగు రోజులైంది.

నేను రాయబోయేది తాత అడిగిన ఆ ఒక్క మాట గురించే. ఎవరినడిగి? కానీ కొండ దగ్గర మొదలుపెట్టను. పట్నంలో డాబా దగ్గర మొదలుపెడతాను. ఎందుకంటే సూర్యుడి నుంచి కరెంటు తీయాలంటే ముందు కొలవాల్సింది ఎండ పడుతున్న డాబాని. అది కొలవకుండా కొండ ఎక్కారంటే అందులో ఏదో మతలబు ఉంది.

డాబా మీద ఎండని ఎలా లెక్కపెడతారు?

ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. పదో తరగతి లెక్కలు వచ్చిన మన పిల్లలెవరైనా చెయ్యొచ్చు. ఒక కిలోవాట్ సోలార్ పలకలు పెట్టాలంటే నీడ పడని జాగా దాదాపు 10 చదరపు మీటర్లు కావాలి. మన లెక్కలో చెప్పాలంటే 100 చదరపు అడుగులు. మన ప్రాంతపు ఎండకి ఆ ఒక్క కిలోవాటు సగటున రోజుకి 4 యూనిట్లు ఇస్తుంది. మబ్బు రోజున తగ్గుద్ది, మార్చి ఏప్రిల్‌లో పెరుగుద్ది. ఏడాది మొత్తానికి 1,400 యూనిట్లు అటూఇటూ.

ఇక డాబా మొత్తం పలకలతో కప్పలేం. నీళ్ల ట్యాంకు ఉంటుంది, మెట్ల గది ఉంటుంది, పక్కింటి మూడో అంతస్తు నీడ ఉంటుంది, బట్టలు ఆరేసుకునే జాగా వదలాలి. అందుకని లెక్కగట్టేవాళ్లు మొత్తం కప్పులో కొంత తీసేసి మిగిలిందే తీసుకుంటారు. 1,000 చదరపు అడుగుల డాబా ఉందనుకోండి. సగం తీసేసినా 500 మిగులుద్ది. అంటే 5 కిలోవాట్లు. రోజుకి 20 యూనిట్లు, నెలకి 600. మామూలు మధ్యతరగతి ఇంటికి ఇది చాలి ఇంకా మిగులుద్ది.

ఊరంతటికీ లెక్క కావాలంటే ఇంటింటికీ తిరగక్కర్లేదు. ఉపగ్రహం తీసిన ఫొటోల్లో కప్పులన్నిటి వైశాల్యం తీస్తారు. ఏ కప్పు ఎంత ఎత్తు, ఏ గంటలో దేని నీడ దేని మీద పడుతుంది, ఏడాదికి ఎంత ఎండ, ఇవన్నీ కంప్యూటర్ కలిపి చెప్పేస్తుంది. డ్రోను ఎగరేస్తే ఇంకా కచ్చితంగా తేలుద్ది. అవును, మా కొండ మీద ఎగరేసిన అలాంటి డ్రోనే.

ఇప్పుడు ఒక చిన్న గుణకారం చేద్దాం. నీడ లేని కప్పు ఒక చదరపు కిలోమీటరు ఉంటే ఎంత? 10 లక్షల చదరపు మీటర్లు. కిలోవాట్‌కి 10 మీటర్ల చొప్పున లక్ష కిలోవాట్లు, అంటే 100 మెగావాట్లు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

దేశం దేన్ని కొలిచింది?

మన దేశంలో సోలార్‌కి ఎంత అవకాశం ఉందో చెప్పే అంకె ఒకటి చాలా ఏళ్లు ప్రభుత్వ కాగితాల్లో, పార్లమెంటు జవాబుల్లో తిరిగింది. 748 గిగావాట్లు. జాతీయ సౌరశక్తి సంస్థ కట్టిన లెక్క అది. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 38.44, తెలంగాణ వాటా 20.41 గిగావాట్లు. ఈ అంకె ఎలా వచ్చిందో తెలుసా? దేశంలో ఉన్న "బంజరు భూమి"లో 3 శాతం మీద పలకలు పరిచితే ఎంత వస్తుందని గుణించారు. అంతే. డాబాలు కొలవలేదు. ఫ్యాక్టరీల రేకుల షెడ్లు కొలవలేదు. ఆఫీసులు, కాలేజీలు, మాల్‌లు కొలవలేదు. నేరుగా నేల మీదికి దిగారు.

ఏది బంజరు? ఎవరి కళ్లకి బంజరు? మనం పోడు చేసి రెండు మూడేళ్లు వదిలేసిన మెట్ట వాళ్ల పటంలో బంజరు. పశువులు మేసే గడ్డి కొండ బంజరు. చీపురు గడ్డి కోసుకునే, దుంపలు తవ్వుకునే, అడ్డాకులు ఏరుకునే వాలు కూడా బంజరే. పట్టా కాగితం లేని ప్రతిదీ బంజరే. మన బతుకు మీద "ఖాళీ" అని రాసి, ఆ ఖాళీని మెగావాట్లతో గుణించారు.

డాబాల మీద ఆశ పెట్టుకోలేదా అంటే, పెట్టుకున్నారు. 2022 నాటికి దేశంలో 100 గిగావాట్ల సోలార్ రావాలని, అందులో 40 గిగావాట్లు ఇళ్ల మీద, భవనాల మీద రావాలని 2015లో కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. గడువు తీరేనాటికి కప్పుల మీద వచ్చింది అందులో పావు వంతు కూడా కాదు. నేల మీద పరిచిన సోలార్ మాత్రం జోరుగా సాగింది.

ఎందుకిలా? నాకు తోచిన జవాబు ఒకటుంది. లక్ష డాబాల మీద పలకలు పెట్టాలంటే లక్ష తలుపులు తట్టాలి. ప్రతి యజమానీ సంతకం పెట్టాలి. అపార్టుమెంటు అయితే అందరూ మీటింగు పెట్టుకుని ఒప్పుకోవాలి. పై అంతస్తాయన కాదన్నాడంటే ఫైలు అక్కడే ఆగిపోద్ది. ఎంత పెద్ద మంత్రి అయినా పట్నంలో ఒక మామూలు గుమాస్తా డాబా ఎక్కి, ఆయన్ని అడక్కుండా ఎర్ర రంగుతో అంకె వెయ్యలేడు. అది ఆయన హక్కు. బాగుంది, ఉండాల్సిందే. కానీ కొండ దగ్గరికొచ్చేసరికి ఒక్క జీవో చాలు, ఒక్క ఒప్పందం చాలు అనుకుంటున్నారు. కొండకి తలుపు లేదనుకుంటున్నారు.

విశాఖ లెక్క ఒకసారి చూద్దాం

మన అల్లూరి జిల్లాలో చింతపల్లి, కొయ్యూరు మండలాల్లో ఎర్రవరం దగ్గర 1,200 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు ప్రతిపాదన ఉంది. అనంతగిరి మండలంలో పెదకోట దగ్గర ఇంకొకటి. ఎగువ సీలేరులో జెన్‌కో 1,350 మెగావాట్లది తలపెట్టింది. పార్వతీపురం మన్యంలోనూ ఉన్నాయి. సర్వేలని, జీపులని, గ్రామసభ లేకుండానే ఒప్పందాలని మన ఊళ్లు కొన్నేళ్లుగా నిద్రలేకుండా ఉన్నాయి.

ఇప్పుడు గుర్తుపెట్టుకోమన్న అంకె తీయండి. చదరపు కిలోమీటరు కప్పుకి 100 మెగావాట్లు. అంటే 1,200 మెగావాట్ల సోలార్‌కి 12 చదరపు కిలోమీటర్ల నీడలేని కప్పు కావాలి. మహా విశాఖ నగరపాలక సంస్థ పరిధి దాదాపు 680 చదరపు కిలోమీటర్లు. అందులో 12 అంటే నూటికి రెండు కూడా కాదు. ఆ నగరంలో పోర్టు గోడౌన్లు ఉన్నాయి, ఫ్యాక్టరీ షెడ్లు ఉన్నాయి, యూనివర్సిటీ ఉంది, ఆసుపత్రులున్నాయి, బస్టాండ్లు, కల్యాణ మండపాలు, వేల అపార్టుమెంట్లు ఉన్నాయి. అదే నగరం 2018లో ముడసర్లోవ రిజర్వాయరు నీళ్ల మీద 2 మెగావాట్ల తేలే సోలార్ పెట్టింది. నీళ్ల మీద పెట్టగలిగినోళ్లకి డాబా కష్టమా?

ఇంక విజయవాడ ఉంది, గుంటూరు, రాజమండ్రి, కాకినాడ, తిరుపతి, కర్నూలు ఉన్నాయి. పక్కన హైదరాబాద్ ఉండనే ఉంది. కప్పు కప్పుకీ వార్డుల వారీగా లెక్క తీసి, ఇదిగో ఇంత పెట్టాం, ఇంక పెట్టడానికి జాగా లేదు, కాబట్టి మీ కొండ దగ్గరికి వచ్చాం అని మన గ్రామసభ ముందు కాగితం పెట్టినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా?

"మీకు తెలీదు, అది వేరే ఇది వేరే" అనేవాళ్లకి

ఈ మాట అనగానే ఇంజనీరింగు చదివిన మిత్రులు ఒక అభ్యంతరం చెబుతారు. చెప్పాలి కూడా. "డాబా మీద సోలార్ పగలే కరెంటిస్తుంది. పంప్డ్ స్టోరేజీ కరెంటు పుట్టించే ప్రాజెక్టు కాదు, దాచిపెట్టే ప్రాజెక్టు. పగలు మిగిలిన కరెంటుతో కింది చెరువు నీళ్లు పైకెక్కిస్తారు, సాయంత్రం వదిలి కరెంటు తీస్తారు. రెండింటికీ పోలికేంటి?" అని.

నిజమే. డాబాలు కొండలకి సరిగ్గా బదులు కావు. నేను ఆ మాట అనట్లేదు. నేనడిగేది వరస. ముందు ఏది, తర్వాత ఏది?

ఎంత దాచాలి అనేది ఎంత పుట్టిస్తున్నాం, ఎక్కడ పుట్టిస్తున్నాం, రాత్రిపూట ఎవరు వాడుతున్నారు అన్నదాని మీద ఉంటుంది. ముందు కప్పుల లెక్క తేల్చాలి. ఆ తర్వాత పగలే వాడుకోగలిగిన పనులన్నీ పగటికి మార్చాలి. వ్యవసాయ మోటార్లకి పగటిపూట 9 గంటల కరెంటు మన రాష్ట్రంలో ఇప్పటికే ఉన్న పద్ధతి, అంటే మార్చడం కుదురుద్దనేగా? ఆ తర్వాత సబ్‌స్టేషన్ల దగ్గర బ్యాటరీలు ఎంత దాచగలవో చూడాలి. ఇప్పటికే కట్టేసిన డ్యాముల్లో నీళ్లు వెనక్కి తోడే మిషన్లున్నాయి. శ్రీశైలం ఎడమగట్టున 900 మెగావాట్లు, నాగార్జునసాగర్‌లో 700 మెగావాట్లకి పైగా. వాటిని పూర్తిగా వాడుకున్నారా అని చూడాలి. ఇవన్నీ అయ్యాక ఇంకా కావాల్సి వస్తే అప్పుడు కొత్త జాగా గురించి మాట్లాడాలి. అప్పుడు కూడా షెడ్యూల్డ్ ఏరియా వరసలో చివర ఉండాలి. ఇప్పుడు మొదట ఉంది.

బ్యాటరీలు కూడా ఆకాశం నుంచి ఊడిపడవు. వాటికీ గనులు కావాలి, ఆ గనులు ఇంకెక్కడో ఇంకో ఆదివాసీ నేల కింద ఉండొచ్చు. ఆ సంగతి మనం మర్చిపోకూడదు. అందుకే ముందు కప్పు అంటున్నాను. వాడే చోటే పుట్టిన కరెంటుకి పెద్ద లైన్లు అక్కర్లేదు, అడవి నరకక్కర్లేదు.

ఇంకో సంగతి. 100 యూనిట్లు ఖర్చుపెట్టి నీళ్లు పైకెక్కిస్తే తిరిగొచ్చేది 75 నుంచి 80 యూనిట్లే. మిగతాది పోయినట్టే. ఇంతా చేసి ఈ కరెంటు ఎవరికి? 2024 అక్టోబరులో రాష్ట్రం తెచ్చిన క్లీన్ ఎనర్జీ విధానం లక్ష్యం 160 గిగావాట్లకి పైగా. రాష్ట్రం మొత్తం ఎక్కువగా వాడుకున్న వేళ కూడా డిమాండు 13, 14 గిగావాట్ల దగ్గరుంది. పగలే పనిచేసే సోలార్‌కి స్థాపిత సామర్థ్యం ఎక్కువ పెట్టుకోవాలి, ఒప్పుకుంటాను. అయినా పది రెట్లా? పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి 2025 జనవరిలో శంకుస్థాపన చేశారు. విశాఖలో గూగుల్ డేటా సెంటర్ ప్రకటించారు. బయటి రాష్ట్రాలకి అమ్ముతామని వాళ్లే చెబుతున్నారు. అంటే మా కొండ గుంత పడేది మా ఊళ్లో బల్బు కోసం కాదు, విశాఖ ఇంట్లో ఫ్యాను కోసం కూడా కాదు. వ్యాపారం కోసం. అలాగైతే వ్యాపారం అనే చెప్పండి. "దేశం కోసం, పర్యావరణం కోసం" అని మాకు పాఠాలు చెప్పొద్దు. అడవిని కాపాడినోళ్లకి పర్యావరణం నేర్పుతారా?

ఇది కొత్త కథ కూడా కాదు. మాచ్‌ఖండ్‌లో 1955 నుంచి కరెంటు తీస్తున్నారు. ఎగువ సీలేరు 240 మెగావాట్లు, దిగువ సీలేరు 460 మెగావాట్లు. మా గెడ్డల నీళ్లు తిప్పిన కరెంటుతో మైదానంలో పట్నాలు వెలిగాయి. పెద్ద తీగలు మా ఇళ్ల మీదుగా పోయాయి. ఆ తీగల కింద కిరసనాయిలు బుడ్డి దగ్గర చదువుకున్న తరం ఇంకా బతికే ఉంది. మీ ఇంట్లోనే ఉంటారు, అడగండి.

మన కప్పులు లెక్కలో ఎక్కడున్నాయి?

ఢిల్లీలోని సీఈఈడబ్ల్యూ అనే పరిశోధనా సంస్థ 2023లో దేశంలోని ఇళ్ల కప్పుల మీద ఒక లెక్క తీసింది. 25 కోట్లకి పైగా కుటుంబాల కప్పుల మీద 637 గిగావాట్లు పెట్టొచ్చు అంది. అందులో మూడో వంతు పెట్టినా దేశంలో ఇళ్లన్నిటి వాడకానికీ సరిపోద్దని చెప్పింది. ఇది మన వాదానికి బలమే.

కానీ ఆ నివేదికలోనే అంకె మెట్టు మెట్టుకీ ఎలా దిగిందో చూడండి. జాగా బట్టి 637. డబ్బు లెక్కలో గిట్టుబాటయ్యేది 118. జనం పెట్టగలిగేది, ఐదేళ్లలో తిరిగొచ్చేది చూస్తే, సబ్సిడీ లేకుండా 11. 637 నుంచి 118కి పడిపోవడానికి పెద్ద కారణమేంటంటే, ఎక్కువ ఇళ్లు చాలా తక్కువ కరెంటు వాడతాయి, వాళ్లకి సోలార్ గిట్టదు అని. సర్కారు సాయం లేకపోతే వీళ్లకి అందదని చెప్పడానికే వాళ్లు ఆ లెక్క తీశారు, తప్పు పట్టను. కానీ ఆ లెక్కలోంచి జారిపోయింది ఎవరు? మనమే కదా. మన ఇంట్లో వాడకం తక్కువ ఎందుకుంది? మనకి అక్కర్లేక కాదు. ఓల్టేజీ రాక, వారానికి మూడు రోజులు తీగలు తెగి, రాగుల మర పెట్టుకుందామంటే లైను ఆగక. ఇవ్వనందుకు వాడలేదు, వాడలేదు కాబట్టి ఇవ్వక్కర్లేదు. ఈ చక్రంలో మనల్ని డెబ్బై ఏళ్లుగా తిప్పుతున్నారు.

పథకాలు చూడండి. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో ఇంటి మీద 3 కిలోవాట్లు పెట్టుకుంటే 78,000 రూపాయల సబ్సిడీ. బాగుంది. దానికి కరెంటు కనెక్షను ఉండాలి, గట్టి కప్పు ఉండాలి, మిగతా డబ్బు చేతిలో ఉండాలి. అదే పథకంలో జిల్లాకి ఒక ఆదర్శ సౌర గ్రామం, దానికి కోటి రూపాయలు. పోటీకి నిలబడాలంటే ఆ ఊరి జనాభా 5,000 దాటాలి. మన కొండ మీద ఐదు వేల జనాభా ఉన్న ఊరు ఎన్నున్నాయి? ముప్పై గడపలు, యాభై గడపల ఊళ్లు మనవి. పోటీ మొదలవకముందే మనం ఓడిపోయాం.

మరి మనకేం పెట్టారు? కొండరెడ్డి, చెంచు, సవర, కోలాం లాంటి తెగల్లో లైను వెయ్యలేని ఇళ్లకి పీఎం జన్‌మన్ కింద 0.3 కిలోవాట్ల సోలార్ సెట్టు. ఉచితమే, బ్యాటరీతో ఇస్తారు. చీకటింట్లో దీపం వచ్చిందంటే సంతోషమే. కానీ ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. పట్నం ఇంటికి 3 కిలోవాట్లు, మనింటికి 0.3. సరిగ్గా పదో వంతు. రెండు మూడు బల్బులు, ఒక ఫ్యాను, ఫోను చార్జింగు. మర తిరగదు, కాఫీ పల్పర్ తిరగదు, చింతపండు నిల్వకి చల్లటి గది రాదు. మన అవసరం పట్నపోళ్ల అవసరంలో పదో వంతని ఎవరు కొలిచారు? ఎవరినడిగి?

ఎస్సీ, ఎస్టీ ఇళ్లపై 2 కిలోవాట్లు ఉచితంగా పెడతామని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. మాట మీద నిలబడమనండి. కానీ ఎక్కడ పెడతారు? రెండు కిలోవాట్లంటే పెద్ద పలకలు నాలుగు, ఒక్కోటి పాతిక కిలోలకి తక్కువుండదు. వాటి కింద ఇనప చట్రం. పూరిల్లు మోస్తుందా? పాత పెంకుటిల్లు మోస్తుందా? సిమెంటు రేకు మోస్తుందా? పైగా మన ఇల్లు పనస చెట్టు కిందో, చింత చెట్టు కిందో ఉంటుంది. ఉపగ్రహం పైనుంచి చూస్తే ఆకులే కనపడతాయి, ఇల్లు కనపడదు. గడ్డి కప్పు ఎండు గడ్డిలాగే కనపడుద్ది. కంప్యూటర్ "అనువు కాదు" అని రాసుకుని ముందుకెళ్లిపోద్ది. పైగా లంబసింగి, పాడేరు వైపు మంచు, వానాకాలం మూడు నెలల మబ్బు, పదింటి దాకా దిగని కొండ నీడ. విశాఖ ఎండతో మన లోయని లెక్కగడితే తప్పే వస్తుంది. అంటే మన కప్పుల లెక్క మనం తీసుకోకపోతే ఇంకెవరూ సరిగ్గా తియ్యరు.

మన లెక్క మనం తీద్దాం

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది మీ పని. ధర్నాకి ఎంత మంది వస్తారో అంతమంది టేపు పట్టుకుంటే వారంలో ఒక పంచాయతీ అయిపోద్ది.

ఒక నోటు పుస్తకం తీసుకోండి. ప్రతి ఇంటికీ కప్పు పొడవు, వెడల్పు అడుగుల్లో రాయండి. స్లాబా, రేకా, పెంకా, గడ్డా రాయండి. పొద్దున 9కి, మధ్యాహ్నం 12కి, 3కి నీడ ఎక్కడ పడుతుందో చూసి రాయండి. ఇంట్లో ఏం వాడుతున్నారో, కరెంటుంటే ఇంకేం వాడతారో అడగండి. నెల రోజులు కరెంటు పోయిన గంటలు గోడ మీద గీతలు పెట్టండి. బడి, అంగన్‌వాడీ, ఆశ్రమ పాఠశాల, సచివాలయం, జీసీసీ డిపో, ఆరోగ్య ఉపకేంద్రం కప్పులు వేరేగా రాయండి.

ఎందుకు వేరేగా అంటే, లెక్క చూడండి. 50 గడపల ఊరు అనుకుందాం. ఇంటికి నెలకి 40 యూనిట్లు అనుకుంటే ఊరికి 2,000 యూనిట్లు. ఒక కిలోవాటు నెలకి 120 యూనిట్లు ఇస్తే 17 కిలోవాట్లు కావాలి. మంచు, మబ్బు చూసుకుని 25 వేసుకుందాం. అంటే 2,500 చదరపు అడుగుల గట్టి కప్పు. ఒక ఆశ్రమ పాఠశాల హాస్టలు స్లాబు అంతకంటే పెద్దదే ఉంటుంది. వాడకం రెట్టింపు చేసుకుని, మర పెట్టుకున్నా 5,000 అడుగులు దాటదు. ఊరి ఇళ్ల మీద ఒక్క పలకా పెట్టకుండానే, సర్కారు కట్టిన నాలుగు బిల్డింగుల మీద ఊరంతటి కరెంటు పుడుతుంది. రాత్రికి దాచుకోడానికి బ్యాటరీ గది ఒకటి. దాన్ని చూసుకోడానికి మన ఊళ్లోనే ఐటీఐ చదివి ఖాళీగా ఉన్న ఇద్దరు పిల్లలు. జీతం వాళ్లకే.

ఈ లెక్క తీసి గ్రామసభలో పెట్టండి. తీర్మానం రాయండి. అందులో ప్రభుత్వాన్ని ఈ ప్రశ్నలు అడగండి:

మా కొండని కొలవకముందు ఏ ఏ నగరాల కప్పులు కొలిచారు? ఆ లెక్క వార్డుల వారీగా మాకు ఇవ్వండి.

ఆ నగరాల్లో సర్కారు భవనాల మీద ఎంత పెట్టారు, ఎంత మిగిలింది?

"బంజరు" అని మీరు రాసుకున్న సర్వే నంబర్లు ఏవి? వాటి మీద అటవీ హక్కుల చట్టం కింద మా దరఖాస్తులు ఎన్ని పెండింగు ఉన్నాయి?

మా ఊళ్లో బడి, హాస్టలు కప్పుల మీద ఊరి సోలార్ ఎప్పుడు పెడతారు? మీటరు, నిర్వహణ గ్రామసభ చేతికి ఇస్తారా?

సర్వేకి గ్రామసభ ఒప్పుకున్న తీర్మానం నకలు చూపించండి.

చివరి ప్రశ్నకి వాళ్ల దగ్గర జవాబు ఉండదు. 1996 పెసా చట్టం అడగమంది. 2006 అటవీ హక్కుల చట్టం అడవి మీద గ్రామసభ మాటకి విలువిచ్చింది. 1/70 చట్టం మన నేల గిరిజనేతరుల చేతికి పోకుండా అడ్డం నిలబడింది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ఏరియాలో సర్కారు భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకి ఇవ్వడం చెల్లదంది. ఆ కేసు ఎక్కడ పుట్టిందో గుర్తుందా? ఇదే అనంతగిరి మండలంలో. ఇప్పుడు పెదకోట ఉన్న మండలంలోనే. 2013లో నియంగిరిలో 12 గ్రామసభలు వరసగా వద్దన్నాయి, కొండ నిలబడింది. ఆ ఊళ్లలో కొన్ని మన ఊళ్ల కంటే చిన్నవి.

మేం సోలార్‌కి వ్యతిరేకం కాదు. ఎండ అందరిదీ. ఎండని మొట్టమొదట దేవుడిగా మొక్కినోళ్లం మనం. మేం అడిగేది ఒక్కటే. పట్నంలో గుమాస్తా డాబాకి ఇచ్చే మర్యాద మా కొండకి ఇవ్వండి. ఆయన సంతకం లేకుండా ఆయన మెట్లెక్కరు కదా? మా కొండకీ తలుపుంది. దాని పేరు గ్రామసభ. వచ్చి తట్టండి. లోపలినుంచి "వద్దు" అని వినపడితే వెనక్కి తిరిగి దిగిపోండి, డాబా మీది ఆయన వద్దంటే ఎలా దిగుతారో అలాగే.

ఆ రాళ్ల మీద ఎర్ర అంకెలు ఇంకా ఉన్నాయి. వానకి సగం చెరిగాయి. తాత రోజూ పశువుల్ని తోలుకుని ఆ దారినే వెళ్తాడు. ఆయన అడిగిన ప్రశ్నకి ఇప్పటికీ ఎవరూ జవాబు చెప్పలేదు. ఈసారి జీపొస్తే ఆయన ఒక్కడే ఉండడు. మన నోటు పుస్తకం, మన తీర్మానం పట్టుకుని ఊరంతా ఉంటాం.

మా ఊరు మాది! మా కొండ మాది! మా లెక్క మేమే తీస్తాం!

జోహార్.